కోర్సు ఎంపికలో తెగని సందేహం: ఓసీడీ ఉన్న అబ్బాయికి ఎలా తోడ్పడాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ - అక్కర్లేని ఆలోచనలు, సందేహాలు పదే పదే వేధిస్తూ, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) ఉందని వైద్యులు నిర్ధారించారు. స్టాటిస్టిక్స్ చదవాలా, కంప్యూటర్ సైన్స్ చదవాలా అన్నది నెలల తరబడి తేల్చుకోలేకపోతున్నాడు. ‘ఇది సరైనదేనా?’ అని రోజూ మమ్మల్ని అడుగుతున్నాడు. మేమే నిర్ణయించేయమంటారా?

జవాబు: వద్దండి. మీరు నిర్ణయించినా, అమ్మానాన్నలు పొరబడ్డారేమోనన్న కొత్త సందేహం మొదలయ్యే అవకాశమే ఎక్కువ. మీ అబ్బాయికి కొరవడింది సమాచారం కాదు. ఏ ఎంపికలోనైనా కొంత అనిశ్చితి మిగిలే ఉంటుంది. ఓసీడీ ఉన్న చాలామందికి దాన్ని భరించడమే అసలు కష్టం. ఒకే విషయాన్ని పదే పదే సరిచూసుకుంటే జ్ఞాపకం చెడకపోయినా, దానిపై నమ్మకం సడలుతుందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి లాభనష్టాల పట్టిక మరొకటి రాసుకోవడం, మరొకరి సలహా అడగడం అతడి సందేహాన్ని తీర్చవు సరికదా, ఇంకా పెంచవచ్చు.

మీరిచ్చే భరోసా కూడా ఆ క్షణానికి ఊరటనిచ్చి, మళ్లీ అడగాలన్న తహతహను మిగులుస్తుంది. అలాగని రేపటి నుంచే మౌనం వహించకండి. భయాన్నీ, సందేహాన్నీ కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, సరిచూసుకోవడం, భరోసా అడగడం వంటివి ఆపుకునేలా సాధన చేయించే చికిత్స అయిన ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్‌లో శిక్షణ పొందిన సైకాలజిస్టుతో మాట్లాడి, ఆ ప్రశ్నకు ఎలా స్పందించాలో మీ అబ్బాయి సమక్షంలోనే ముందుగా ఒప్పందానికి రండి. వైద్యులు మందులు రాస్తే, వాటి ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. దరఖాస్తు గడువుకు ఎంత ముందుగా చికిత్స మొదలైతే అంత మేలు.

ఇక ఎంపిక సంగతి. ఈ రెండు కోర్సుల్లోనూ సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ ఎంతో కొంత ఉంటాయి కనుక, ఒకటి ఎంచుకున్నంత మాత్రాన రెండో దారి పూర్తిగా మూసుకుపోదు. తనకు ముఖ్యమైన రెండు మూడు ప్రమాణాలనూ, నిర్ణయించే తేదీనీ ముందే రాసుకోమనండి. ఆ రోజు సందేహం మిగిలి ఉన్నా, ఆ ప్రమాణాలకు సరిపోయిన కోర్సునే ఖరారు చేయాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరొకటి ఉంది. తప్పు జరిగితే ఎవరికైనా హాని కలుగుతుందన్న భయంతో, ఎంతో ఇష్టమైన చదువును వదులుకునే పిల్లలున్నారు. మీ అబ్బాయి ఒక కోర్సును వద్దంటున్నది ఆసక్తి లేకనా, భయం వల్లనా అన్నది థెరపిస్టు సాయంతో తెలుసుకోండి. భయమే కారణమైతే ఆ కోర్సును జాబితాలోంచి తీసేయకండి. దరఖాస్తును మాత్రం అతడే నింపి, ఒక్కసారి చదివి, తన చేతులతోనే పంపాలి.