డోసు పెంచుతున్నా పిల్లికి షుగర్ దిగకపోతే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: తొమ్మిదేళ్ల మగపిల్లి, మూడు నెలల కిందట షుగర్ బయటపడింది. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ ఒక యూనిట్‌తో మొదలుపెట్టి పూటకి ఆరు యూనిట్ల దాకా వచ్చారు. అయినా రీడింగ్ 400 దిగడం లేదు, పైగా బరువు పెరుగుతోంది. ఇంకా పెంచాలా, సంక్రాంతికి ఊరెళ్తే ఎలా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు, కానీ మా పిల్లి పండుగాడికి కొన్నేళ్లుగా రెండు పూటలా సూది వేస్తున్నాను. డోసు పెంచే మాట పక్కన పెట్టి, వేస్తున్న మందు ఎందుకు పనిచేయడం లేదో ముందు తేల్చుకోండి. చాలా పిల్లులకి పూటకి ఒకటి నుంచి మూడు యూనిట్ల లోపే సరిపోతుంది. అయిదారు దాటినా షుగర్ 300 కిందకి రాలేదంటే, ఒంట్లో ఇంకేదో ఇన్సులిన్‌కి అడ్డుపడుతోందేమోనని డాక్టర్లు కూడా వెతుకుతారు.

రక్తపరీక్షల కంటే ముందు సిరంజి చూడండి. మన దగ్గర మందుల షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, ఆరెంజ్ మూతది 100 యూనిట్లుండే దానికి. గ్లార్జిన్ మామూలుగా 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజితో ఒక గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. పిల్లికి అది ప్రాణం మీదకొచ్చే తేడా. అలాగే వయల్ ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో ఉంచండి, ఫ్రీజర్‌కి ఆనకూడదు, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. సూది వేశాక బొచ్చు మీద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉండి మందు వాసన వస్తే డోసు చర్మం కిందకి వెళ్లలేదన్నమాట. ఎంత పోయిందో తెలియదు కాబట్టి మళ్లీ వేయొద్దు, తర్వాతి పూట దాకా ఆగండి.

ఇక ఆ 400 ఎక్కడ చూశారన్నది ముఖ్యం. క్లినిక్‌లో అయితే ఆ అంకెని పూర్తిగా నమ్మకండి. ఆటోలో బుట్టలో పెట్టుకుని వెళ్లి, పక్కన కుక్కలు మొరుగుతుంటే, షుగర్ లేని పిల్లికి కూడా టెన్షన్‌తో 300 దాటగలదు. ఇంట్లోనే చూడటం నేర్చుకోండి. చెవి అంచుని గోరువెచ్చటి గుడ్డతో కాసేపు పట్టుకుంటే రక్తం పొంగుతుంది. వెనక దూది మడత పెట్టి అంచు మీద గుచ్చితే ఆవగింజంత చుక్క వస్తుంది, స్ట్రిప్‌కి అది చాలు. పండు మొదట్లో చెవి విదిలించేవాడు, ఇప్పుడు చికెన్ ముక్క కోసం వాడే వచ్చి కూర్చుంటాడు. మనుషుల గ్లూకోమీటర్ పిల్లుల్లో కొంచెం తక్కువ చూపిస్తుంది, అది మనసులో పెట్టుకోండి. సూదికి ముందు ఒకటి, తర్వాత రెండు మూడు గంటలకోసారి, పన్నెండు గంటల పొడుగునా రాసి డాక్టర్‌కి చూపిస్తే విషయం చాలావరకు తేలిపోతుంది. ఎన్ని గంటలకి షుగర్ అన్నిటికంటే కిందకి దిగుతోందో తెలియకుండా డోసు పెంచడం నాకైతే చాలా భయం.

మా ఇంట్లో అసలు దొంగ పంటి చీము. నోటి దుర్వాసన ఉండేది, మేత ఒక పక్కనే నమిలేవాడు, డోసు పెరుగుతూనే ఉండేది. అప్పుడు మేము చూపించిన క్లినిక్‌లో ఎవరూ నోరు తెరిచి చూడలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. వేరే డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, పాడైన పళ్లు తీసేశాక ఇన్సులిన్ అవసరం సగానికి పైగా పడిపోయింది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అడ్డు తొలగిన రోజు నుంచి పాత డోసే ఎక్కువైపోతుంది. నడక తూలడం, పిలిచినా పలకకపోవడం, వణుకు కనిపిస్తే చిగుళ్ల మీద తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ రాసి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. రీడింగ్ 60 కిందకి వస్తే లక్షణాలు లేకపోయినా ఫోన్ చేయాల్సిందే.

మూత్రంలో ఇన్ఫెక్షన్, క్లోమం వాపు, థైరాయిడ్, కిడ్నీ కూడా చూపించండి. దురదకో నోటి పుళ్లకో, ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈమధ్య పడిందా అని పాత చీటీలు తిరగేయండి. అదొక్కటి చాలు షుగర్ ఎక్కించడానికి, ఇన్సులిన్‌ని పనిచేయనివ్వకుండా చేయడానికి.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపేసింది బరువు పెరగడం. షుగర్ అదుపులో లేని పిల్లి చిక్కిపోవాలి. ఇది లావెక్కుతోంది, డోసు ఎక్కుతోంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ వచ్చి గ్రోత్ హార్మోన్ ఎక్కువగా తయారైతే ఇలాగే ఉంటుంది. దాన్ని ఆక్రోమెగలీ అంటారు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 1,221 షుగర్ పిల్లుల రక్తం చూసి 2015లో ప్రచురించారు. దాదాపు నాలుగో వంతు పిల్లుల్లో దీన్ని అనుమానించేంతగా ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో తనూ పెరిగే మరో హార్మోన్) పెరిగి ఉంది. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని చూడండి: ముఖం వెడల్పైందా, పంజాలు పెద్దవయ్యాయా, కింది దవడ ముందుకొచ్చిందా, నిద్రలో గురక మొదలైందా. ఏమీ కనిపించకపోయినా ఐజీఎఫ్-1 పరీక్ష అడగండి. ఇన్సులిన్ మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలైతేనే ఆ ఫలితం నమ్మదగ్గది, మీకు ఆ గడువు దాటింది. గుండె స్కాన్ కూడా చేయించాలి, ఈ జబ్బు గుండె గోడల్ని మందం చేస్తుంది. ఆపరేషన్, రేడియేషన్ కొద్ది చోట్లే ఉన్నాయి. కాబెర్గోలిన్ మాత్ర కొన్ని పిల్లులకి పనిచేస్తోంది. అవేవీ కుదరకపోయినా, ఎక్కువ ఇన్సులిన్‌తోనే బాగా గడిపే పిల్లులు ఉన్నాయి. కాబట్టి పేరు విని బెంబేలు పడకండి.

తిండి గురించి ఒక్క మాట. పెరుగన్నం, పాలన్నం ఆపేయండి. పిండిపదార్థం తక్కువున్న తడి మేతకి మార్చాలి, కానీ డాక్టర్‌కి చెప్పి మెల్లగా మార్చండి, ఎందుకంటే దానివల్ల కూడా డోసు తగ్గించాల్సి రావచ్చు. ఒట్టి ఉడికించిన చికెన్ రోజూ పెడితే కాల్షియం లోటు పడుతుంది. మేత మానేసి వాంతులు చేసుకుంటే అది కీటోన్ల (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాల) లక్షణం కావచ్చు, తెల్లారేదాకా ఆగకండి.

సంక్రాంతి సంగతి: పన్నెండు గంటలకోసారి సూది వేయగలిగిన మనిషి ఇంట్లో ఉంటేనే వెళ్లండి. వాళ్ల చేత మీ ఎదురుగా నాలుగైదు పూటలు వేయించి చూడండి. గోడ మీద కాగితం అంటించి, వేసిన వెంటనే టిక్ పెట్టమనండి. పిల్లి తినకపోతే మామూలు డోసు వేయకుండా ముందు మీకో డాక్టర్‌కో ఫోన్ చేయమనండి. ఒక పూట తప్పినా పిల్లి తట్టుకుంటుంది, రెండుసార్లు పడితే తట్టుకోలేదు. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూటకి వేయొద్దని గట్టిగా చెప్పి వెళ్లండి.