పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గుర్రమెక్కి కోర్టులు తిరిగిన ప్లీడరు లింకన్

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను, అబ్రహాం లింకన్ ప్రెసిడెంట్ కాకముందు దాదాపు పాతికేళ్ళు ఇల్లినాయ్ రాష్ట్రంలో ఊరూరూ తిరిగే ప్లీడరుగా బతికాడని, రాజకీయం కూడా ఆ తిరుగుళ్ళలోనే వంటబట్టిందని. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. కలిసే ప్రశ్నల్ని కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

సార్, లింకన్ లా కాలేజీకి వెళ్ళలేదంటారు, మరి లాయరెలా అయ్యాడు? ఫీజులు బాగా వచ్చేవా? నేను ప్రాక్టీసు పెట్టి రెండేళ్ళయింది, ఇంకా సీనియర్ ఇచ్చే డబ్బులతోనే నెట్టుకొస్తున్నా.
– జూనియర్ అడ్వొకేటు, నరసరావుపేట

కాలేజీ సంగతి అటుంచండి బాబూ, ఆయన బడికి వెళ్ళింది మొత్తం కలిపినా ఏడాది ఉండదు. 1831లో న్యూ సేలం అనే చిన్న పల్లెకొచ్చాడు, అక్కడ కొట్లో గుమాస్తా, తర్వాత అప్పుచేసి సొంత కొట్టు పెట్టి దివాలా, ఆ తర్వాత పోస్టుమాస్టరు, భూములు కొలిచే సర్వేయరు, ఇలా ఏది దొరికితే అది చేశాడు. జాన్ టాడ్ స్టూవర్ట్ అనే ప్లీడరు పుస్తకాలు అరువిస్తే ఒక్కడే కూర్చుని చదువుకున్నాడు. అప్పట్లో, జనం కొత్తగా వచ్చి స్థిరపడుతున్న ఆ రాష్ట్రంలో రూలు సింపుల్, మనిషి నడవడిక మంచిదని కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు సర్టిఫికెట్ ఇవ్వాలి, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు ఇద్దరు లైసెన్సు మీద సంతకం పెట్టాలి. 1836 సెప్టెంబర్‌లో లైసెన్సు వచ్చింది, 1837 ఏప్రిల్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరి ఆ స్టూవర్ట్ దగ్గరే జూనియర్ పార్ట్‌నర్ అయ్యాడు. మంచం, పరుపు, దుప్పట్లు కొనుక్కుందామని ఒక కొట్లో అడిగితే 17 డాలర్లన్నారట, చేతిలో అంత లేదు. కొట్టు యజమాని జాషువా స్పీడ్, పైన నా గదిలో పెద్ద మంచం ఉంది, వచ్చి ఉండమన్నాడు. జీవితాంతం దగ్గరి స్నేహితుడయ్యాడు ఆయన.

ఇంకో సంగతి మీకు పనికొస్తుంది. స్టూవర్ట్ 1838లో కాంగ్రెస్‌కి పోటీచేశాడు, 36 వేల పైచిలుకు ఓట్లలో 36 ఓట్ల తేడాతో గెలిచాడు, ఓడింది స్టీఫెన్ డగ్లస్, తర్వాత్తర్వాత లింకన్‌కి పెద్ద ప్రత్యర్థి అయినాయన. ఆ ప్రచారమంతా సీనియర్ ఊళ్ళు తిరుగుతుంటే ఆఫీసు మోసింది జూనియరే. స్టూవర్ట్ వాషింగ్టన్ బయల్దేరాక లింకన్ ఫీజుల పుస్తకంలో "లింకన్ పరిపాలన మొదలు, నవంబర్ 2, 1839" అని రాసుకున్నాడు. జూనియర్ చేతికి ఆఫీసు రావడమంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

ఫీజులు మామూలుగా 5 నుంచి 20 డాలర్లు. ఎక్కువ భాగం ప్రామిసరీ నోటు దావాలు, అప్పు వసూళ్ళు, మిగతావి పశువుల తగాదాలు, పరువునష్టం కేసులు. 1844 నుంచి విలియం హెర్న్‌డన్ అనే ప్లీడరు ఆయనకి పార్ట్‌నర్, వచ్చింది చెరిసగం. 1856లో క్విన్సీ ఊళ్ళో ఒక హోటల్ లీజు కాగితాలు రాసిచ్చినందుకు క్లయింటు 25 డాలర్లు పంపితే, ఈ పనికి 15 చాలు అని 10 డాలర్లు తిరిగి పంపించేశాడు, ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. అలాగని ప్రతిచోటా ఉదారంగా వదిలేసే రకం కాదు. మెక్‌లీన్ కౌంటీ పన్ను కేసులో ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేకి సుప్రీంకోర్టులో గెలిచిపెట్టాడు, కంపెనీ ఫీజు దగ్గర పేచీ పెడితే ఆ కంపెనీ మీదే దావా వేసి 1857లో 5,000 డాలర్లకి తీర్పు తెచ్చుకున్నాడు. ఆయన తీసుకున్నవాటిలో పెద్ద ఫీజు అదే. హోటలాయనకి ఒక లెక్క, రైల్వేకి ఇంకో లెక్క, నాకైతే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మనిషి మీద గౌరవం పెరిగింది.

సర్క్యూట్ అంటే ఏంటి? రోజూ ఏం చేసేవాడు?
– రిటైర్డ్ టీచర్, ఏలూరు

మాస్టారూ, అప్పట్లో చిన్న కౌంటీల్లో జడ్జి ఉండేవాడు కాదు. జడ్జే బయల్దేరి ఒక్కో కౌంటీ ముఖ్యపట్నంలో కొన్నాళ్ళు కోర్టు పెట్టి తర్వాతి ఊరికి పోయేవాడు, ఆయన వెనకాలే ప్లీడర్లూ. లింకన్ తిరిగింది ఎనిమిదో సర్క్యూట్, ఒక దశలో అందులో 14 కౌంటీలు. వసంతంలో ఒక చుట్టు, ఆకురాలే కాలంలో ఒక చుట్టు, ఒక్కో చుట్టూ 400 మైళ్ళకి పైమాటే, పది పదకొండు వారాలు పట్టేది. మొదట్లో గుర్రం మీద, తర్వాత బగ్గీలో, దారంతా గడ్డి మైదానం, వానపడితే మోకాలి లోతు బురద, చాలా వాగులకి వంతెనల్లేవు.

ఊరు చేరేసరికి కోర్టు బయట చెట్ల కింద జనం కాచుకుని ఉంటారు. లోకల్ ప్లీడరు ఒక క్లయింటుని పట్టుకొచ్చి కేసు చెప్తాడు, అక్కడే నిలబడి విని, అప్పటికప్పుడు కాగితాలు రాసి, చాలాసార్లు అదే రోజు లోపలికెళ్ళి వాదించాలి. లైబ్రరీ లేదు, గుమాస్తా లేడు, ముఖ్యమైన కాగితాలు నెత్తిన ఉన్న పొడుగు టోపీలో దోపుకునేవాడు. ఇవాళ మనం ఒక కౌంటర్ వెయ్యడానికి తీసుకునే వాయిదాలు గుర్తొస్తే ఆ వేగం నమ్మబుద్ధి కాదు. పొద్దుగూకాక అందరూ ఒకే సత్రంలో భోజనం, మంచానికి ఇద్దరు చొప్పున పడక, జడ్జి డేవిడ్ డేవిస్ దాదాపు 300 పౌన్ల మనిషి కాబట్టి ఆయనకి మాత్రం వేరే మంచం. పగలు ఎదురెదురుగా వాదించుకున్నవాళ్ళే రాత్రి ఒక పొయ్యి చుట్టూ కూర్చుని కథలు చెప్పుకునేవాళ్ళు. లింకన్ ఫీజులు మరీ తక్కువ తీసుకుని మా పొట్ట కొడుతున్నాడని రాత్రిపూట ఉత్తుత్తి కోర్టు పెట్టి ఆయనకి జరిమానా వేశారని తోటివాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. డేవిస్ కోర్టుకి రాలేనప్పుడు కొన్నిసార్లు లింకన్‌నే జడ్జి కుర్చీలో కూర్చోబెట్టేవాడు.

అన్నా, నేను ఒక టర్మ్ సర్పంచ్‌గా చేసినోణ్ని. గా తిరుగుడుకూ ఓట్లకూ లింకేందో జర వివరంగ చెప్పు.
– పాఠకుడు, సిద్దిపేట జిల్లా

అన్నా, అసలు విషయం పట్టుకున్నావు. ఆ కాలంలో ఇల్లినాయ్‌లో ఓటంటే చీటీ కాదు. ఓటరు వచ్చి అధికారుల ముందు నిలబడి ఫలానా వాళ్ళకి నా ఓటు అని పైకి చెప్పాలి, గుమాస్తా రాసుకుంటాడు, పక్కనున్నవాళ్ళందరూ వింటారు. 1848లో కొత్త రాజ్యాంగం వచ్చాకే బ్యాలెట్. అంటే ఎవడు ఎటు ఓటేశాడో ఊరంతటికీ తెలుసు, కాబట్టి నీ ముఖం తెలిసిన జనం ఎంతమంది అన్నదే నీ బలం. 1832లో లింకన్ మొదటిసారి రాష్ట్ర శాసనసభకి నిలబడి 13 మందిలో 8వ స్థానంలో ఓడిపోయాడు గానీ, సొంతూరు న్యూ సేలంలో 300 ఓట్లకి 277 ఆయనవే. 1834లో గెలిచాడు, ఆపైన వరసగా ఇంకో మూడుసార్లు.

ఇంక 1840 జనవరి సర్క్యులర్ చూడు. లింకన్ అప్పుడున్నది విగ్ పార్టీలో, దాన్ని పంపిన కమిటీలో ఆయన ఒకడు. కౌంటీని చిన్న చిన్న ముక్కలుగా చెయ్యండి, ఒక్కో ముక్కకీ ఒక సబ్ కమిటీ వెయ్యండి, ప్రతి ఓటరు పేరూ రాసుకోండి, ఎటు వేస్తాడో కచ్చితంగా కనుక్కోండి, ఊగిసలాడేవాడి దగ్గరికి వాడు బాగా నమ్మే మనిషిని పంపండి, పోలింగు నాడు మనవాళ్ళందర్నీ తీసుకురండి. ఇదీ అందులో ఉన్నది. బూత్ కమిటీ నడిపినోడివి, నీకు వేరే చెప్పేదేముంది.

ఈ లిస్టులు కాగితం మీద ఎవరైనా రాస్తారు. లింకన్‌కి ఆ పేర్ల వెనక మనుషులు తెలుసు, ఎందుకంటే ఏటా రెండుసార్లు వాళ్ళ ఊరెళ్ళి, వాళ్ళ అప్పు కేసు వాదించి, వాళ్ళ సత్రంలో పడుకున్నాడు. కోర్టు వారం అంటే పల్లెలన్నీ బండ్లు కట్టుకుని వచ్చే తిరునాళ్ళ లాంటిది, సందు దొరికితే అక్కడే రాజకీయ ఉపన్యాసం. జ్యూరీలో కూర్చున్న పన్నెండుమందీ రైతులే, ఓటర్లే. వాళ్ళకి అర్థమయ్యేలా పది నిమిషాల్లో చిక్కు విడదీసి చెప్పడం అక్కడ అలవాటైంది, 1858లో సెనేట్ సీటు కోసం డగ్లస్‌తో ఏడు ఊళ్ళలో జరిగిన చర్చల్లో జనం విన్నది ఆ గొంతే.

సంబంధాలు ఎంత దూరం లాగుతాయో ఒక కేసు చెప్తా. న్యూ సేలం రోజుల్లో కుస్తీ పట్టి స్నేహితుడైన జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన భార్య హన్నా, వీళ్ళింట్లో లింకన్ తిన్నాడు, ఉన్నాడు. పాతికేళ్ళ తర్వాత వాళ్ళ కొడుకు డఫ్ హత్య కేసులో ఇరుక్కున్నాడు, జాక్ చనిపోయి ఉన్నాడు, తల్లి దగ్గర డబ్బుల్లేవు. 1858 మేలో బియర్డ్స్‌టౌన్‌లో విచారణ. రాత్రి 11 గంటలప్పుడు చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు, ఆ వెన్నెల్లో దెబ్బ కొట్టడం కళ్ళారా చూశానన్నాడు సాక్షి. లింకన్ తొందరపడకుండా అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించి, అప్పుడు పంచాంగం తెప్పించాడు. ఆ రాత్రి ఆ వేళకి చంద్రుడు నడినెత్తిన లేడు, అస్తమయానికి దిగిపోతున్నాడు. డఫ్ విడుదలయ్యాడు, లింకన్ పైసా తీసుకోలేదు.

తప్పు కూడా చెప్పాలి గదా. శాసనసభలో లింకన్‌తో కలిపి ఆయన సాంగమన్ కౌంటీ సభ్యులు తొమ్మిదిమందీ ఆరడుగుల మనుషులు, వాళ్ళని పొడుగు తొమ్మిదిమంది అనేవాళ్ళు, 1837లో రాజధానిని వాండాలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్పించుకున్నారు. అదే సభలో రోడ్లు, కాలవలు, రైళ్ళ పేరుతో కోటి డాలర్ల స్కీముకి లింకన్ గట్టిగా మద్దతిచ్చాడు, అదే ఏడాది దేశమంతా ఆర్థిక సంక్షోభం వచ్చింది, రాష్ట్రం ఏళ్ళ తరబడి ఆ అప్పు మోసింది.

బానిసల్ని విడిపించినాయనగా చదువుకున్నాం. లాయరుగా ఉన్నప్పుడు కూడా అలాగే ఉన్నాడా?
– డిగ్రీ స్టూడెంట్, వరంగల్

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం తల్లీ, చాలామంది దాటేసే చోటిది. 1841లో బెయిలీ వర్సెస్ క్రామ్‌వెల్ అనే కేసు, నాన్స్ అనే నల్లజాతి మహిళని అమ్మి ప్రామిసరీ నోటు రాయించుకున్నారు, ఆ డబ్బు కోసం దావా. లింకన్ ఆ నోటు రాసిచ్చిన బెయిలీ తరఫున వాదించాడు, ఇల్లినాయ్‌లో ప్రతి మనిషీ స్వతంత్రుడనే అనుకోవాలి, స్వతంత్రుల్ని అమ్మడం చెల్లదు అని సుప్రీంకోర్టు తేల్చింది.

ఆరేళ్ళ తర్వాత, 1847లో, రాబర్ట్ మాట్సన్ అనే కెంటకీ భూస్వామి జేన్ బ్రయంట్‌నీ ఆమె పిల్లల్నీ బానిసలుగా వెనక్కి తీసుకెళ్తానని కోల్స్ కౌంటీలో కోర్టుకెక్కితే, లింకన్ మాట్సన్ పక్షాన నిలబడ్డాడు. ఓడిపోయాడు, జేన్ కుటుంబం విముక్తి పొందింది. క్లయింటు ఎవరైనా వాదించాలి అని కొందరు సమర్థిస్తారు. నేను సమర్థించను. ఒక తల్లీ పిల్లలూ ఎదురుగా నిలబడి ఉంటే ఆ వకాల్తా వద్దనే స్వేచ్ఛ ఆయనకుంది. 1858లో చార్ల్స్‌టన్ సభలో కూడా తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ సమాన హక్కులకి నేను అనుకూలం కాదని చెప్పాడు. 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకి పాకనిచ్చేలా ఉందని మళ్ళీ రాజకీయాల్లోకి దూకినవాడూ ఆయనే. రెండూ చదవండి.

ఇంకోటి, ఆ నేల ఖాళీగా ఉన్న నేల కాదు. 1832లో బ్లాక్ హాక్ యుద్ధంలో సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ జనాన్ని మిసిసిపీ నది అవతలికి తరిమేశాకే ఉత్తర ఇల్లినాయ్‌కి వలసలు జోరందుకున్నాయి. ఆ యుద్ధంలో లింకన్ వాలంటీర్ల కెప్టెన్, సొంతంగా పోరాడింది లేకపోయినా.

ఆయన ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే ఇంట్లో భార్యా పిల్లల గతేంటండీ? అదెవరూ రాయరు.
– గృహిణి, కాకినాడ

నిజమేనమ్మా. ఆయన భార్య మేరీ టాడ్ కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో డబ్బున్నవాళ్ళింటి బిడ్డ, 1842లో పెళ్ళి, నలుగురు మగపిల్లలు. ఏడాదిలో నెలల తరబడి ఆయన ఇంట్లో ఉండడు. తోటి ప్లీడర్లు శనివారం వస్తే ఇళ్ళకి పోయేవాళ్ళు, ఈయన మాత్రం ఆ ఊళ్ళోనే ఉండిపోయేవాడని వాళ్ళే చెప్పారు. నాన్న అంటే మొదట గుర్తొచ్చేది ప్రయాణానికి గుర్రం సంచులు సర్దుకోవడమే అని పెద్దకొడుకు రాబర్ట్ తర్వాత రాశాడు. 1850 ఫిబ్రవరిలో రెండోవాడు ఎడ్డీ నాలుగేళ్ళు నిండకుండానే చనిపోయాడు, ఆ వసంతంలో మళ్ళీ సర్క్యూట్, ఆమె మళ్ళీ ఒంటరి.

అయినా మేరీకి రాజకీయం మీద ఆయనకున్నంత ఆసక్తి ఉంది. అప్పట్లో సెనేటర్లని శాసనసభ ఎన్నుకునేది. 1855 ఫిబ్రవరిలో మొదటి రౌండులో లింకనే ముందున్నాడు, కానీ అవతలి పక్షం మనిషి గెలిచేలా ఉన్నాడని తన ఓట్లని, తనలాగే కాన్సాస్-నెబ్రాస్కా చట్టాన్ని వ్యతిరేకించే లైమన్ ట్రంబుల్‌కి మళ్ళించాడు. లింకన్ ట్రంబుల్‌తో స్నేహంగానే ఉన్నాడు. మేరీ మాత్రం ట్రంబుల్ భార్య జూలియాని క్షమించలేదు, జూలియా తన పెళ్ళిలో తోడుపెళ్ళికూతురుగా నిలబడిన స్నేహితురాలు. ఆమె కోపం నాకు అర్థమవుతుంది, ఆ సెనేట్ సీటు కోసం ఆమె కూడా ఏళ్ళు ఖర్చుపెట్టింది మరి.

మా అబ్బాయి ఇల్లినాయ్ బ్లూమింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ వేసవికి మేం వెళ్తున్నాం. అక్కడ చూసేవేమైనా ఉన్నాయా?
– పాఠకులు, విజయవాడ

ఉన్నాయి, మీరు దిగేదే ఆ సర్క్యూట్ నడిబొడ్డున. మెక్‌లీన్ కౌంటీ కోర్టు బ్లూమింగ్టన్‌లోనే, జడ్జి డేవిస్‌దీ ఆ ఊరే. 1860లో రిపబ్లికన్ పార్టీ చికాగో కన్వెన్షన్‌లో లింకన్‌కి ప్రెసిడెంట్ పోటీకి టికెట్ తెప్పించడానికి రాత్రింబవళ్ళు తిరిగింది ఈ డేవిసే, పక్కన పనిచేసినవాళ్ళలో చాలామంది సర్క్యూట్ ప్లీడర్లే. డేవిస్ తర్వాత కట్టుకున్న పెద్ద ఇల్లు చూడొచ్చు. కారులో గంట ప్రయాణంలో స్ప్రింగ్‌ఫీల్డ్, 1844లో లింకన్ కొన్న ఇల్లు అలాగే కాపాడారు, చూడ్డానికి టికెట్ ఉచితం కానీ ముందుగా తీసుకోవాలి. హెర్న్‌డన్‌తో కలిసి కూర్చున్న ఆఫీసు కూడా ఆ ఊళ్ళోనే. టైముంటే మెటమోరా, మౌంట్ పులాస్కీ కూడా వెళ్ళండి, ఆయన వాదించిన పాత కోర్టు భవనాలు రెండూ నిలబడే ఉన్నాయి. చిన్న ఊళ్ళు, రోజూ తెరవకపోవచ్చు, బయల్దేరే ముందు అబ్బాయిని ఫోన్ చేసి కనుక్కోమనండి.