ఆవిడను త్యాగమూర్తి అనకండి

"కుటుంబం కోసం జీవితమంతా ధారపోసిన త్యాగమూర్తి ఎవరైనా మీకు తెలుసా? పోయాక వాళ్లను ఎలా గుర్తు చేసుకున్నారు?" అని అడిగారు.

తెలుసు. మా బంధువు కాదు, తెలుగావిడ కూడా కాదు. జమైకాలో క్లారెండన్ వైపు పల్లెటూళ్లో పుట్టి, 2014 నవంబరులో లండన్‌లోని బ్రిక్స్టన్‌లో పోయింది. పేరు రాయను, పిల్లలూ మనవలూ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. వీధి వీధంతా ఆవిడను గ్రానీ అనేది. నేనూ అలాగే పిలిచేదాన్ని.

ముందు ఆ త్యాగమూర్తి అన్న మాట గురించి చెప్పాలి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా నాయనమ్మ పోయినప్పుడు పెద్దకర్మ కార్డు మీద అదే అచ్చు వేయించారు. కౌలు బాకీలు, పాల లెక్కలు, ఏ పెళ్లికి ఎవరెంత చదివించారో పైసలతో సహా నోటితో చెప్పగలిగిన మనిషి మా నాయనమ్మ. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు గడప దాటి అప్పుకు పోకుండా చేసింది. ఆ బుర్ర గురించి భోజనాల దగ్గర ఒక్కరూ ఎత్తలేదు. "పాపం, తను తినకుండా మాకు పెట్టేది" అన్నదొక్కటే మాట. ఇల్లు నడిపిన ఆడవాళ్ల తెలివిని మర్చిపోవడానికి మనం కనిపెట్టిన మాట త్యాగం, నేనైతే అలాగే అనుకుంటాను.

2006లో ఎమ్మెస్సీ చదవడానికి తెనాలి నుంచి లండన్ వెళ్లాను. మనవాళ్లు ఎక్కువగా ఈస్ట్ హామ్‌లో, ఒక్కో గదిలో నలుగురేసి ఉండేవాళ్లు. నాకు బ్రిక్స్టన్‌లో, గ్రానీ ఇంటి మేడ మీద వారానికి 70 పౌండ్లకు గది దొరికింది. "నల్లోళ్ల ఏరియా, జాగ్రత్త" అని చెప్పనివాళ్లు లేరు. నేనున్నన్నాళ్లూ మా క్లాసు తెలుగు పిల్లల్లో ఒక్కరు కూడా ఆ ఇంటికి భోజనానికి రాలేదు, పిలిచినా రాలేదు. తెల్లవాడు మనల్ని రంగు చూసి ఒక మాటంటే ఏడాది పాటు చెప్పుకుంటాం. అదే మాట మనం తెలుగులో అంటే తప్పు లేదనుకుంటాం. నేను పార్ట్‌టైమ్ పని ముగించుకుని రాత్రి పదకొండింటికి ఆ వీధిలోనే నడిచి వచ్చేదాన్ని. తలుపులో నా తాళంచెవి తిరిగిన చప్పుడు వినిపించేదాకా గ్రానీ ముందుగదిలో దీపం ఆర్పేది కాదు.

వంటింట్లోనే మాకు చనువు కుదిరింది. ఆవిడ కలాలూ అని వండే ఆకుకూర చూస్తే మన తోటకూర. క్రిస్మస్ ముందు అల్లం దంచి వేసి కాచే ఎర్రటి సారెల్ పానకం గోంగూర కాయల మీది రేకలతో చేసేది. చోచో అని పులుసులో వేసేది బెంగళూరు వంకాయ. మేకమాంసం కూర సంగతి చెప్పనే అక్కర్లేదు. 1845 మేలో మొదటిసారి ఓడలో ఇండియా కూలీలను జమైకాలోని ఓల్డ్ హార్బర్ బేలో దించారు, ఆ కూర ఆ మనుషులతో వెళ్లిందే. ఇప్పుడది లేకుండా జమైకా వాళ్లకు పెళ్లీ జరగదు, చావూ జరగదు. తన చిన్నప్పుడు చెరకు తోటల దగ్గర ఉండే ఇండియా వాళ్లు హోసే అని చేసేవారని, వెదురుతో, రంగు కాగితాలతో గోపురాలు కట్టి డప్పులు కొడుతూ ఊరేగించేవారని గ్రానీ చెప్పింది. "మా ఊళ్లో పీర్ల పండగ" అన్నాను. "అయితే నువ్వు మా వైపు పిల్లవే" అంది.

ఆవిడ 1959లో, 22 ఏళ్లప్పుడు లండన్ వచ్చింది. మూడేళ్ల కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. రెండు మూడేళ్లు సంపాదించి వెనక్కి పోదామనే అందరిలాగే అనుకుందట. నర్సు పనిలో చేరింది. జమైకా లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన అమ్మాయిలను అప్పట్లో ఎక్కువగా మూడేళ్ల ఎస్.ఆర్.ఎన్. (స్టేట్ రిజిస్టర్డ్ నర్స్) చదువులో కాకుండా, దానికంటే కింది స్థాయి అయిన రెండేళ్ల ఎస్.ఇ.ఎన్. (స్టేట్ ఎన్‌రోల్డ్ నర్స్) శిక్షణలో వేసేవారు, చాలామందికి ఆ తేడా కూడా చెప్పేవారు కాదు. ఆ రెండేళ్ల పట్టా వాళ్ల దేశంలో చెల్లేది కాదు, ఇంగ్లండ్‌లో దానితో పై పదవులు వచ్చేవి కావు. అలా తిరిగి పోయే దారి మూసుకుపోయింది. రాత్రి డ్యూటీలే ముప్ఫై ఏళ్లు చేసింది. భర్త 1974లో పోయాడు. లండన్‌లో పుట్టిన ఇద్దరు మగపిల్లలనూ తనే పెంచింది.

ఇక అసలు సంగతి, పార్డ్‌నర్. మన చీటీ లాంటిదే. పాతికమంది కూడి వారానికి ఇంత అని వేస్తారు, ఒక్కో వారం ఒక్కొక్కరికి మొత్తం ముడుతుంది. వేసేదాన్ని హ్యాండ్ అంటారు, ఎత్తుకునేదాన్ని డ్రా అంటారు, నడిపే మనిషి బ్యాంకర్. మన చీటీలో వేలం పాట ఉంటుంది, అవసరం ఎక్కువున్నవాడు ఎక్కువ వదులుకుంటాడు. పార్డ్‌నర్‌లో పాట లేదు, వడ్డీ లేదు. ఎవరి అవసరం ముందో బ్యాంకరే చూసి వరస వేస్తుంది. 1950ల్లో, 60ల్లో జమైకా వాళ్లకు బ్యాంకులు అప్పిచ్చేవి కావు, అద్దెకు వెళ్తే కిటికీల్లో "నల్లవాళ్లు వద్దు" అని బోర్డులు. ఇంటి విషయంలో అలా రంగు చూడకూడదని చట్టం వచ్చింది 1968లో. అంతకు ముందే ఈ పార్డ్‌నర్ డబ్బులతో బయానా కట్టి ఇళ్లు కొనుక్కున్నారు. గ్రానీ ఇల్లు 1965లో కొన్నది. ఒక సోషల్ సైన్స్ ప్రొఫెసరు పేజీలకు పేజీలు రాసే నమ్మకం అన్న విషయం, ఆవిడ ఆదివారం చర్చి నుంచి వచ్చి టోపీ తీయకుండానే వంటింటి బల్ల మీద నడిపించేది.

నన్నూ చేరమంది. నేను చేరనన్నాను. మా ఊళ్లో చీటీలు కట్టించుకుని రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసినవాళ్ల వల్ల మా అమ్మ పోగొట్టుకున్నది నాకు గుర్తుంది. చీటీ ఎత్తేయడమంటే మన దగ్గర ఊరూరా ఒక కథ ఉంటుంది, ఆ డబ్బు పోయి ఆగిపోయిన పెళ్లిళ్లు నాకే నాలుగు తెలుసు. గ్రానీ అంతా విని, "వన్ వన్ కోకో ఫుల్ బాస్కెట్" అంది. కోకో అంటే చేమదుంప లాంటి దుంప. ఒక్కొక్క దుంపా వేస్తేనే బుట్ట నిండుతుందని సామెత. ఆ ఆదివారం 30 పౌండ్లు వేశాను.

అలా వేసిన ఆరో వారం, 2008 మార్చిలో, మా నాన్నకు గుండెపోటు వచ్చిందని తెల్లవారుజామున ఫోన్. నా అకౌంట్లో టికెట్టుకు సరిపడా లేవు. నా డ్రా 19వ వారం. గ్రానీ మెట్లెక్కి వచ్చింది, మోకాళ్ల నొప్పితో మేడ మీదికి ఎప్పుడూ రాని మనిషి. కవర్లో 750 పౌండ్లు పెట్టి చేతికిచ్చింది. ఆ వారం ఎవరిదో ఆవిడకు ఫోన్ చేసి ఒప్పించి నాతో వరస మార్చింది. "ఇది నేనిస్తున్నది కాదు, నీ డబ్బే, కాస్త ముందొచ్చింది" అంది. ఆ మాట అనకపోతే ఆ కవరు నేను తీసుకునేదాన్ని కాదేమో. నాన్న చేతిని పట్టుకోగలిగాను. ఆయన ఇంకో రెండు రోజులున్నారు.

తర్వాత ఉద్యోగం లండన్ బయట రెడింగ్‌లో వచ్చినా పార్డ్‌నర్ మానలేదు.

గ్రానీ పోయిన తొమ్మిదో రాత్రి, నైన్ నైట్ అంటారు, నేను వెళ్లేసరికి ఏడు దాటింది. వీధి మొదట్లోనే చేపల వేపుడు వాసన. పెరట్లో టార్పాలిన్ కింద పెద్ద గిన్నెలో మేక తలకాయ పులుసు కాగుతోంది. మగవాళ్లు డామినో బిళ్లలను బల్ల పగిలేలా కొడుతున్నారు, మధ్యలో తెల్ల రమ్ సీసా. ముందుగదిలో పెద్దవాళ్లు కూర్చుని పాడుతున్నారు. ఒకావిడ కీర్తనలో ఒక్కో పాదం గబగబా చెబుతుంది, మిగతావాళ్లు దాన్ని అందుకుని సాగదీసి పాడతారు, మన భజనల్లో లాగే. ఏడ్చేవాళ్ల పక్కనే కూర్చుని ఒకాయన గ్రానీ తనను చీపురుతో తరిమిన రోజు గురించి చెబుతూ నవ్విస్తున్నాడు. మూల చిన్న బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఆవిడకు ఇష్టమైనవన్నీ వడ్డించి ఉంచారు. అర్ధరాత్రి దాకా ఎవరూ ముట్టకూడదు. పిండం పెట్టి కాకి కోసం కళ్లు కాయలు కాచేలా చూసిన దాన్ని, నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. మన దగ్గర ఈ మధ్య పెద్దకర్మ అంటే ఫంక్షన్ హాలు, క్యాటరింగు, ఫోటోకు దండ వేసి గంటలో బయటపడటం. పోయినవాళ్ల గురించి ఒక్క కథ అయినా చెప్పుకునే చోటు ఎక్కడుంది?

పన్నెండుకు ఆవిడ గదిలోకి వెళ్లాం. మంచం చోటు మార్చాలి, పరుపు తిరగేయాలి. పోయినవాళ్ల ఆత్మను డప్పీ అంటారు. అది తిరిగొస్తే తన గదిని గుర్తుపట్టక వెళ్లిపోవాలని అలా చేస్తారు. పెద్ద కొడుకూ నేనూ చెరో పక్కా పట్టి పరుపు లేపాం. కింద నోటుపుస్తకాలు, రబ్బరు బ్యాండ్లు చుట్టి పేర్చినవి, పదకొండు.

కూతురు అన్నిటికంటే పాతది తీసింది. ఈ కూతురి గురించి చెప్పాలి. ఆమెను గ్రానీ లండన్‌కు పిలిపించుకునేసరికి 1967, పదకొండేళ్లు వచ్చేశాయి. విమానం దిగి తల్లిని చూసి "గుడ్ ఈవినింగ్ మేడమ్" అందట. పెద్దయ్యాక కూడా "ఇల్లు ముందు కొన్నావు, నన్ను తర్వాత పిలిచావు" అని ఒక్కోసారి అనేసేది, నేను నా చెవులతో విన్నాను. గది అద్దెకిచ్చేవాళ్లు పిల్లలుంటే అసలు రానిచ్చేవారు కాదని గ్రానీ ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

ఏ చీటీలోనైనా గ్రానీ తన పేరు చివర రాసుకునేది. మన దగ్గర మొదటి చీటీ నడిపేవాళ్లది కదా, ఆవిడ ఎప్పుడూ చివరిదే తీసుకునేది. ఆ పాత పుస్తకంలో ఒక్క పేజీలో మాత్రం ఆవిడ పేరు మొదట ఉంది. 1967 జనవరి. పక్కన కూతురి పేరు, దాని కింద రెండు గీతలు, "టికెట్" అని. కూతురు ఆ పేజీ చూసి పుస్తకం మూయలేదు, ఎవరికీ చూపించనూ లేదు. తిరగేసిన పరుపు మీద అలాగే కూర్చుండిపోయింది. 58 ఏళ్ల మనిషి, బూట్లు విప్పేసి కాళ్లు పైకి ముడుచుకుంది. కింద పాట సాగుతూనే ఉంది.

కాసేపటికి చర్చి పెద్దావిడ ఒకామె గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అడిగింది, "ఈ ఆదివారం ఎవరిదమ్మా?"

కూతురు కళ్లు తుడుచుకుని చివరి పుస్తకం తెరిచింది. పాతిక వారాల్లో పదకొండు అయ్యాయి. పన్నెండోది కింద చేపలు వేయిస్తున్న ఆవిడది. "పిలవండి" అంది. తల్లి కళ్లజోడు పెట్టెలోంచి పెన్ను తీసింది. డబ్బులు వేయడానికి బిస్కెట్ల డబ్బా ఒకటి వచ్చింది. ఆ రాత్రే పద్నాలుగు మంది ఆ గదిలోకి వచ్చి హ్యాండ్ వేశారు, డామినో ఆడుతున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. నా 30 పౌండ్లు ఇచ్చాను. నా పేరు ఎదురుగా టిక్కు పెట్టింది, గ్రానీ పెట్టే చోటే, పేరుకు ఎడమ పక్కన.

రెండు వారాల తర్వాత ఖననం. కొడుకులూ మనవలూ కోట్లు విప్పి, పారలు పట్టి, గోతిని తమ చేతులతోనే పూడ్చారు. అది పూర్తయ్యేదాకా ఆడవాళ్లు పాట ఆపలేదు.

మిగిలిన వారాలన్నీ కూతురే నడిపింది. ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఫిబ్రవరి చివర్లో పాతికో డ్రా వచ్చింది, గ్రానీది. ఆవిడ ఉన్నప్పుడు ఏటా క్రిస్మస్ ముందు నడవలో నీలం ప్లాస్టిక్ పీపా ఒకటి పెట్టి, వారం వారం ఇంత బియ్యం, సబ్బులు, డబ్బా మాంసం, బడి బూట్లు వేస్తూ నింపి క్లారెండన్‌కు ఓడలో పంపేది. తల్లిదండ్రులు పై దేశాల్లో ఉండి అమ్మమ్మల దగ్గర ఇలాంటి పీపాల మీద పెరిగే పిల్లలను జమైకాలో బ్యారెల్ పిల్లలంటారు. ఆ ఏడు పీపా వెళ్లలేదు. మార్చి మొదటి ఆదివారం నేను వెళ్లేసరికి నడవలో నీలం పీపా ఉంది, సగం దాకా నిండి. కూతురు నేల మీద కూర్చుని బూట్ల సైజులు చూస్తోంది. "బియ్యం తెచ్చావా?" అని అడిగింది. మళ్లీ బయటికి వెళ్లి మార్కెట్లో పది కిలోల సంచి కొనుక్కొచ్చాను.