తలుపు తీసే ముందు ఫోన్ తీయండి

ప్రశ్న: మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మందులు, సరుకులు చేరవేస్తాం. సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెబుతాం. కొవిడ్ వల్ల నెలల తరబడి మూసి ఉంచిన ఆఫీసు మళ్లీ తెరవాలనుకుంటున్నాం. మా వలంటీర్లలో సగానికి పైగా రిటైరైనవాళ్లే. కొందరు రేపే వచ్చేస్తామంటున్నారు. కొందరు గ్రూపులో మెసేజ్ చూసి కూడా ఉలుకూ పలుకూ లేదు. పెద్దవాళ్లను రావద్దంటే నొచ్చుకుంటారు, రమ్మంటే వాళ్లకేమవుతుందోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక కార్యదర్శి

జవాబు: ముందు ఆ గ్రూపు మెసేజ్ సంగతి చూద్దాం. "ఎవరెవరు వస్తున్నారు?" అని అందరిలో అడిగితే రాలేనివాళ్లు నోరు విప్పరు. ఇంట్లో కోడలు నిండు గర్భిణి అనో, తనకు షుగర్ అనో, అసలు భయంగా ఉందనో నలుగురిలో ఎవరు చెప్పుకుంటారు? ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయాలి. అది మీరే చేయనక్కర్లేదు. ఎవరితో అయితే వాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడతారో ఆ మనిషికి అప్పగించండి. వలంటీర్ల బాగోగులు చూసే పనిలో ఏళ్లుగా ఉన్నాను కనుక చెబుతున్నా, ఇలాంటి ఫోన్‌లో నా మొదటి మాట ఒకటే: "మీరు రాకపోయినా ఏమీ అనుకోం. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రండి." పని మాట ఆ తర్వాతే. కారణం అడగను. వాళ్లంతట వాళ్లు జబ్బు గురించి చెప్పినా దాన్ని ఎక్కడా రాయను. పేరు పక్కన "బయటి పని", "ఫోన్ పని", "ఇప్పుడు వద్దు" – ఈ మూడింట్లో ఒకటి రాసుకుంటాను, అంతే.

అరవై దాటినవాళ్లకు కొవిడ్ ముదిరే ప్రమాదం ఎక్కువన్నది నిజమే. అలాగని "అరవై దాటినవారు రావద్దు" అని నోటీసు అంటించారనుకోండి, సంస్థను ఏళ్ల తరబడి భుజాన మోసిన మనిషికి అది మెడపట్టి గెంటినట్టుంటుంది. పనిని బట్టి లెక్క వేయండి. కిటికీలు మూసిన గదిలో పదిమంది పిల్లలతో గంటసేపు కూర్చోవడానికీ, మందుల సంచి గుమ్మం ముందు పెట్టి, బెల్ కొట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడడానికీ ఎంత తేడా! ఎవరితో, ఎంతసేపు, లోపలా బయటా అన్నది వివరంగా చెప్పి నిర్ణయం వాళ్లకే వదలండి. ఇంట్లోనే ఉంటామన్నవాళ్లకు నిజమైన పని ఇవ్వండి. ఒంటరి పెద్దలకు రోజూ ఫోన్ చేయడం, ఎవరికి ఏ మందులు అయిపోతున్నాయో చూసుకోవడం, డ్యూటీ చార్ట్ వేయడం. పేరుకు అప్పగించిన పని అయితే రెండో రోజే పసిగడతారు, మీకంటే అనుభవం ఉన్నవాళ్లు మరి.

ఆఫీసు సంగతికొస్తే, గొళ్లేలు తుడవడం మీద పెట్టే శ్రద్ధలో సగం కిటికీల మీద పెట్టండి. ఈ వైరస్ ప్రధానంగా గాలి ద్వారానే అంటుతుంది. వీలైతే కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటర్ కొనండి. ఆరుబయట అది సుమారు 420 చూపిస్తుంది. గదిలో 800 దాటుతోందంటే గాలి సరిగా మారడం లేదన్నమాట. పాఠాలు వరండాలో చెప్పగలిగితే మరీ మంచిది. గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మల్ గన్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ ఇతరులకు అంటుతుంది, ఆ గన్‌కు అదేం తెలుస్తుంది? టీకా వేయించుకుంటే జబ్బు ముదిరే ముప్పు బాగా తగ్గుతుంది కానీ అంటించే అవకాశం పూర్తిగా పోదు, కాబట్టి లోపల అందరికీ మాస్కు ఉండాల్సిందే.

చాలామంది మరిచేది కుళాయిలు. నెలల తరబడి పైపుల్లో నిలిచిన నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ తుంపరలు పీలిస్తే న్యుమోనియా రావచ్చు. తెరిచే ముందు కిటికీలు తీసి, తుంపరలు మీద పడకుండా, ప్రతి కుళాయినీ తిప్పి నీళ్లు చాలాసేపు పోనివ్వండి.

వలంటీర్లను రెండు జట్లుగా విడదీయండి. ఒక జట్టువాళ్లు రెండో జట్టుతో కలవకూడదు, టీ తాగేటప్పుడు కూడా (అసలు మాస్కులు దిగేది అక్కడే). అప్పుడు ఒకరికి పాజిటివ్ వచ్చినా పని మొత్తం ఆగిపోదు. రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ చాలు. లక్షణాలు బయటపడడానికి 14 రోజుల వరకు పట్టవచ్చు కాబట్టి మూడు వారాలు ఉంచి చింపేయండి. పాజిటివ్ వచ్చిన మనిషి పేరు గ్రూపులో పెట్టకండి. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి ఆ మనిషితో దగ్గరగా మసలినవాళ్లకు విడిగా చెప్పండి.

మళ్లీ మూయాల్సి వస్తే నిర్ణయించేది ఎవరో ఇప్పుడే కాగితం మీద పెట్టండి. రెండు పేర్లు రాయండి. ఆ ఇద్దరిలో ఎవరు చెప్పినా ఆ పూటకి తాళం పడాలి. మీటింగ్ తర్వాత పెట్టుకోవచ్చు.