ఆమేన్ అంటే అయిపోయిందనా?

పోయిన నెల ఈ పేజీలో ఒక తండ్రి, తన కొడుక్కి ఈసారైనా ఉద్యోగం రావాలని రాసిన ఉత్తరానికి జవాబు చివర "ఆమేన్" అని పెట్టాను. అంతే, గోదావరికి ఇటునుంచీ అటునుంచీ ఒకటే ఉత్తరాలు, మెసేజ్‌లు. ఒకాయన "తమరు మతం ఎప్పుడు మార్చుకున్నారండీ" అని అడిగారు, ఆయన్ని పక్కన పెడదాం. మిగతావాటిలో కొన్ని ఇవి.

పాలకొల్లు నుంచి ఒక గృహిణి: మా పాప ఎనిమిదో తరగతి. రాత్రి ప్రార్థన అవగానే "ఆమేన్ అంటే అయిపోయిందనేగా, ఇంక అన్నం తినొచ్చా?" అంది. "అలాగే జరుగుగాక అని అర్థం" అని నేను చెప్పాను. పక్కింటి మామ్మగారేమో "మేం తథాస్తు అంటాం చూడు, అదేనమ్మా" అన్నారు. ముగ్గురిలో ఎవరిది రైటండీ?

అమ్మా, మీరు సగం చెప్పారు, మామ్మగారు ఇంకాస్త దగ్గరికొచ్చారు, పాప మాత్రం ఆకలి మీదుంది.

ఇది హెబ్రూ మాట. దీని ధాతువుకి అర్థం గట్టిగా ఉండటం, కదలకుండా నిలవడం, నమ్మడానికి వీలుగా ఉండటం. విశ్వాసానికి హెబ్రూలో ఉన్న 'ఎమునా' అనే మాట, సత్యానికి ఉన్న 'ఎమెత్' అనే మాట, రెండూ దీని అక్కచెల్లెళ్లే. బైబిల్లో నిర్గమకాండము 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు బరువెక్కిపోతాయి, అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకుంటారు, పొద్దుగూకే దాకా ఆ చేతులు నిలుకడగా ఉన్నాయని రాసుంటుంది. హెబ్రూలో ఆ నిలుకడ అన్నచోట ఉన్నది ఎమునాయే. మన వైపు ఒండ్రు నేలలో గేదెకి గుంజ పాతేటప్పుడు చూడండి, నాలుగు దెబ్బలు కొట్టి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి, కదలకపోతే "ఆఁ, నిలబడింది" అంటారు. ఆమేన్‌లో మొదట ఉన్న అర్థం అదీ. జరుగుగాక అనే కోరిక తర్వాత వస్తుంది, ముందు "ఈ మాట గట్టిది, నేను దీనికి కట్టుబడతాను" అనడం.

ఇంకో సంగతి, నాకు ఇదే అసలు సంగతి అనిపిస్తుంది. పాత నిబంధనలో ఆమేన్ ఎక్కువగా చెప్పేవాడి మాట కాదు, వినేవాడి మాట. ద్వితీయోపదేశకాండము 27లో లేవీయులు (గుడి సేవ చేసే గోత్రంవాళ్లు) ఒక్కో శాపం చదువుతుంటే జనమంతా ఆమేన్ అనాలి, పన్నెండు సార్లు. సరిహద్దు రాయి జరిపినవాడికి శాపం, ఆమేన్. గుడ్డివాణ్ణి దారి తప్పించినవాడికి శాపం, ఆమేన్. (సరిహద్దు రాయి దగ్గర మన డెల్టాలో ఎంతమంది గొంతు గట్టిగా లేస్తుందో నాకు డౌటే.) నెహెమ్యా 8లో ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథం విప్పి దేవుణ్ణి స్తుతిస్తే జనం చేతులెత్తి ఆమేన్ ఆమేన్ అన్నారు. అంటే ఒకరు చెప్పినదాని కింద మిగతావాళ్లు వేలిముద్ర వేస్తున్నారన్నమాట.

మనకి ఈ పద్ధతి కొత్తదేం కాదు. మా నాయనమ్మ నరసాపురం వైపు మనిషి, వరండాలో కూర్చుని లేసు అల్లుతూ కథ చెప్పేది. మేం ఊ కొట్టాలి. కొట్టకపోతే సూది ఆగేది, దారం చూపుడువేలికి అలాగే చుట్టుకుని ఉండేది, కథా ఆగేది. "పడుకున్నార్రా?" అనేది, తలెత్తకుండానే. మళ్లీ ఎవడో ఒకడు "ఊ" అంటే తప్ప రాజుగారి ఏడో కొడుకు గుర్రం కదిలేది కాదు. పెద్దవాళ్లెవరైనా పని చెబితే మనం అనే "ఆయ్" కూడా ఆ వరసలోదే. విన్నాను, ఒప్పుకున్నాను, చేస్తాను అన్నీ అందులోనే, పొరుగు జిల్లావాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీండి.

ఇక మామ్మగారి తథాస్తు. తథా అస్తు, అలాగే అగుగాక. బైబిలును గ్రీకులోకి తెచ్చినవాళ్లు చాలాచోట్ల ఆమేన్‌ని సరిగ్గా ఈ అర్థం వచ్చే మాటతోనే తర్జుమా చేశారు, కాబట్టి మామ్మగారికి రెండు వేల ఏళ్ల పైబడిన సపోర్టు ఉంది. తేడా ఎక్కడంటే దిక్కులో. మన కథల్లో తపస్సు చేసినవాడు వరం అడుగుతాడు, తథాస్తు అనేది పైనున్న దేవుడు. ఆమేన్ కింద నిలబడ్డ మనిషి పైకి అంటాడు. అయితే పెళ్లిపీటల దగ్గర పురోహితుడు ఆశీర్వచనం చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు తథాస్తు అంటారే, అక్కడ మాత్రం రెండూ ఒకటే. సాయంత్రం వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడ్డమాట అనకు అని మామ్మగారు మీ పాపని కసిరే ఉంటారు. అదీ ఇదే భయం: మన మాటకి ఎవరో ఆమేన్ అనేస్తారని.

పాపకి అన్నం పెట్టేయండి.

అమలాపురం నుంచి డిగ్రీ విద్యార్థి: ఆమేన్ ఈజిప్టు దేవుడు ఆమున్ పేరు నుంచి వచ్చిందని ఒక ఫార్వర్డ్, ఓంకారం నుంచి వచ్చిందని ఇంకో ఫార్వర్డ్. ఒకే గ్రూపులో, ఒకే రోజు! ఏది నిజం?

రెండూ కాదు. ఆమేన్‌కి సొంత ధాతువు, దానికో కుటుంబం హెబ్రూలోనే ఉన్నాయి, పైన చెప్పాను. ఆమున్ ఈజిప్టు భాష పేరు, దానికి దాగినవాడు అని అర్థం చెబుతారు. చెవికి ఒకేలా వినపడితే చుట్టాలైపోతే మన కాకికీ ఇంగ్లీషు కేకుకీ కూడా సంబంధం కలపొచ్చు.

కానీ ఓం సంగతి ఒకటుంది, ఫార్వర్డ్ రాసినవాడికి తెలియదు పాపం. ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలోనే ఓంకారాన్ని అనుజ్ఞాక్షరం అన్నారు, అంటే ఒప్పుకోలు తెలిపే అక్షరం. దేనికైనా సరే అనేటప్పుడు ఓం అంటారని అక్కడే ఉంది. పుణ్యాహవాచనంలో యజమాని అడిగితే బ్రాహ్మణులు "ఓం పుణ్యాహం" అని బదులిస్తారే, ఆ ఓం పని అదే. వేర్లు వేరు, చేసే పని ఒకటి. ఇది ఫార్వర్డ్ చేస్తే ఎవరూ చదవరనుకోండి.

కాకినాడ నుంచి ఒక పాఠకుడు: నేను కువైట్లో ఆరేళ్లు డ్రైవరుగా చేశాను. మా ఊరి మసీదులో ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) అయ్యాక ఆమీన్ మనసులోనే అనుకుంటాం. అక్కడ మొదటి రోజు నమాజులో అందరూ ఒక్కసారిగా పైకి అనేసరికి నేను ఉలిక్కిపడ్డాను. రెండిట్లో ఏది సరైనది?

తీర్పు చెప్పడానికి నేనెవర్నండీ. ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో హనఫీ పద్ధతిలో మెల్లగా, షాఫయీ, హంబలీ పద్ధతుల్లో పైకి అంటారు. మన దేశంలో ఎక్కువమంది హనఫీలు కాబట్టి మీకు ఆ నిశ్శబ్దమే అలవాటు. ఆమీన్ ఖురాన్ పాఠంలో భాగం కాదు, ఫాతిహాకి వినేవాళ్లు చేర్చే మాట, ఇక్కడా మళ్లీ వినేవాళ్లదే.

మీకు ఒక ముచ్చట. ఈ గొంతు గొడవ మన దేశంలో కోర్టుకెక్కింది. కాశీలో ఒక మసీదులో కొందరు ఆమీన్ పైకి అన్నారని, ప్రార్థనకి భంగం కలిగించారని శిక్షాస్మృతి కింద కేసు పెట్టారు. అది అలహాబాదు హైకోర్టు దాకా వెళ్లింది. 1885లో న్యాయమూర్తి సయ్యద్ మహమూద్ అరబ్బీ ధర్మగ్రంథాలు ముందేసుకుని, ఆ మాట పైకి అనడం మీద సుదీర్ఘంగా రాశారు. రెండక్షరాల మాట మీద అన్ని పేజీలు. మీరు ఉలిక్కిపడి ఊరుకున్నారు, అంతవరకు మేలు.

నరసాపురం నుంచి: ఫొటో కింద "ఆమేన్ అని టైప్ చేసి పదిమందికి పంపండి, లేకపోతే చెడు జరుగుతుంది" అని వస్తోంది. పంపకపోతే ఏమవుతుంది?

ఫోన్లో చార్జింగ్ మిగులుతుంది.

రాజోలు దగ్గర నుంచి రిటైరైన ఇంగ్లీషు మేష్టారు: షేక్‌స్పియర్ మాక్‌బెత్‌లో ఆమేన్ గొంతులో ఇరుక్కోవడం గురించి నలభై ఏళ్లు పాఠం చెప్పాను. పిల్లలకి అది ఎందుకంత పెద్ద విషయమో ఎప్పుడూ ఎక్కించలేకపోయాను. మీరైతే ఎలా చెబుతారు?

మేష్టారూ, మీకు చెప్పేటంతవాణ్ణి కాదు గానీ అడిగారు కాబట్టి. మాక్‌బెత్ నిద్రపోతున్న రాజుని చంపి వస్తాడు, చేతుల నిండా రక్తం. ఇద్దరు నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తారు, ఒకడు దేవుడా దీవించు అంటాడు, రెండోవాడు ఆమేన్ అని మళ్లీ పడుకుంటాడు. బయట నిలబడి విన్న మాక్‌బెత్‌కి కూడా ఆమేన్ అనాలనిపిస్తుంది, గొంతు దాటదు. భార్యతో అదే చెప్పుకుంటాడు, దీవెన నాకే ఎక్కువ అవసరం, ఆ మాటే రాలేదేం అని.

నేనైతే పిల్లలకి పెద్దకర్మ భోజనం చెబుతాను. అన్నదమ్ములు పొలం తగాదాలో ఉన్నారు, పెద్దాయన పోయాడు, వచ్చినవాళ్లంతా "మంచి మనిషండీ" అంటున్నారు. ఆయన చేత దొంగ సంతకం పెట్టించుకున్న కొడుకు కూడా పక్కనే కూర్చున్నాడు. అందరూ ఔనంటే తనూ ఔననాలి. విస్తట్లో అరిసె ఉంది, గొంతులో ఆ ఔను ఉంది, రెండూ దిగవు. మాక్‌బెత్‌దీ అదే బాధ, తనంతట తను ప్రార్థన చేయమంటే ఏదో ఒకటి అల్లేవాడే. పక్కవాడి ప్రార్థనకి ఒక్క మాట కలపడమే వాడివల్ల కాలేదు, ఎందుకంటే కలపడమంటే వాళ్లలో ఒకడవడం.

దీనికి పూర్తిగా ఎదురు కావాలంటే స్వరకర్త హాండెల్ 1741లో కట్టిన 'మెస్సయ్య' అనే సంగీత రచన వినిపించండి. ఆఖరి బృందగానం మొత్తం ఈ ఒక్క మాటే. ఒక గొంతు ఎత్తుకుంటుంది, రెండోది అందుకుంటుంది, సాగదీసి, మలిచి, వెనక్కి తెచ్చి, నిమిషాల తరబడి. మన హరికథలో గోవిందా అని ఒకరంటే పందిరి మొత్తం గోవింద అన్నట్టే, కాకపోతే వీళ్లకి గోవిందా అయిపోవడం ఇష్టం లేదు.

రామచంద్రపురం నుంచి: సువార్తల్లో యేసు ఎక్కడా ఆమేన్ అన్నట్టు కనపడదు. ఎందుకని?

అన్నాడండీ, తెలుగులో మనకి కనపడదంతే. "మీతో నిశ్చయముగా చెప్పుచున్నాను" అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది ఆమేన్. అందరూ మాట చివర అనేదాన్ని ఆయన మొదట పెట్టాడు, అదీ సొంత మాటకి. యోహాను సువార్తలో రెండేసి సార్లు, ఆమేన్ ఆమేన్ అని, ఇరవై అయిదు చోట్ల ఉంటుంది. మన పాత అనువాదం ఆ జంటని ఒకే నిశ్చయంగా మార్చేసింది. అర్థం చెడలేదు, దరువు పోయింది.

తణుకు నుంచి పేరు వద్దన్న పాఠకుడు: మేం వెళ్లే కూటంలో బోధకుడు మైకులో ప్రతి మాటకీ "గట్టిగా ఆమేన్ చెప్పండి" అంటాడు. "వచ్చే సంవత్సరానికి ఇక్కడున్న అందరికీ కారు వస్తుంది" అన్నా ఆమేనే. నేను నోరు మెదపకపోతే పక్కవాళ్లు చూస్తారు. విశ్వాసం లేదనుకుంటారని టెన్షన్. అనాలా, మానాలా?

అయ్యా, అర్థం కానివాడు ఆమేన్ ఎలా అంటాడని పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో అడిగాడు. యూదుల ధర్మగ్రంథం తల్మూదులో దీనికో ముచ్చటైన పేరుంది, ఏ దీవెనకో వినకుండా అనేస్తే అది అనాథ ఆమేన్. తల్లీతండ్రీ లేనిది. అలెగ్జాండ్రియాలోని పెద్ద సమాజమందిరంలో గొంతు వెనకదాకా వినపడక, సమయానికి గుడ్డ ఊపితే జనం ఆమేన్ అనేవారని కూడా అందులోనే ఉంది. వాళ్లకి మైకు లేదు, మీకు అర్థం లేదు.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆమేన్ యిర్మీయాది, 28వ అధ్యాయం. హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ, రెండేళ్లలో బబులోను రాజు పెత్తనపు కాడి విరిగిపోతుంది, అతను పట్టుకుపోయిన గుడి పాత్రలన్నీ తిరిగొస్తాయి అని చెప్పేస్తాడు. చప్పట్లు పడే మాట. యిర్మీయా లేచి ఏమన్నాడు? ఆమేన్, దేవుడు అలాగే చేయుగాక అన్నాడు. అని వెంటనే, అయితే ఒక్క మాట వినండి, క్షేమం వస్తుందని చెప్పే ప్రవక్త మాట జరిగినప్పుడు కదా అతన్ని దేవుడు పంపాడని తెలిసేది అన్నాడు. పాత్రలు రెండేళ్లలో రాలేదు. హనన్యా ఆ ఏడే పోయాడు.

కాబట్టి కారుకి ఆమేన్ అనొచ్చు, వస్తే మంచిదే, మనకేం బాధ. దాంతోపాటు ఆ "అయితే" కూడా మనసులో అనుకోండి. ఫ్రెంచివాళ్లు దేనికైనా తలూపేవాణ్ణి అన్నిటికీ ఆమేన్ అనేవాడంటారు, మన డూడూ బసవన్న. ఆయన్ని ఆడించేవాడి బొచ్చెలో డబ్బులు పడతాయి, బసవన్నకి గడ్డే. పక్కవాళ్లు చూస్తే చూడనీండి, వాళ్లలో సగంమంది మీరు అంటున్నారో లేదో చూడ్డానికే చూస్తున్నారు, అంటే వాళ్లూ వినడం లేదు.

రావులపాలెం నుంచి: మా అమ్మాయి పెళ్లి. శుభలేఖ చివర ఆమేన్ వేయిద్దామంటే ప్రెస్సులో కుర్రాడు "ఆమేనా, ఆమెనా?" అని అడుగుతున్నాడు. రేపు ప్రింటింగ్. త్వరగా చెప్పండి.

పాత తెలుగు బైబిలు ప్రకారం అయితే ఆమేన్, కథోలిక ప్రార్థనల్లో ఆమెన్. మీరు వెళ్లే గుడిలో ఎలా అంటే అలా వేయించండి, రెండూ తప్పు కాదు. ముందు ఆ కుర్రాడు "ఆ మేన్" అని విడగొట్టకుండా ప్రూఫు చూసుకోండి. ఇంకో పద్ధతి కూడా ఉంది: గ్రీకులో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ, ఆమేన్ అక్షరాలన్నీ కూడితే 99 వస్తుంది, అందుకని తొలినాళ్ల క్రైస్తవులు కొందరు ఉత్తరాల్లో ఆమేన్‌కి బదులు 99 అని వేసేవారు. మీరు మాత్రం వేయించకండి. బంధువులు అది టోకెన్ నంబరనుకుని భోజనాల దగ్గర నిలబడతారు.