తాబేలు పిల్ల బాగానే పెరుగుతోంది, మరి కాగితాలు?

ప్రశ్న: మాది హైదరాబాద్. అయిదు నెలల కింద మా అబ్బాయి కోసం ఒక తాబేలు పిల్లను కొన్నాం. ‘ఆఫ్రికా సల్కాటా, దీనికి లైసెన్సు అక్కర్లేదు’ అని అమ్మినాయన ఒక చేతిచీటీ ఇచ్చాడు. అప్పుడు 38 గ్రాములు, 5 సెంటీమీటర్లు. ఇప్పుడు 128 గ్రాములు, 7.5 సెంటీమీటర్లు. వారం వారం బరువు, కొలత నోటుబుక్కులో రాస్తున్నాను. విదేశీ జంతువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఈమధ్యే తెలిసింది. ఆలస్యమైనందుకు కేసు పెడతారా? నా నోటుబుక్కు సాక్ష్యంగా చెల్లుతుందా?

జవాబు: నోటుబుక్కు పనికొస్తుంది. తాబేలు అయిదు నెలలుగా మీ దగ్గరే ఉందనీ, సరిగానే చూసుకుంటున్నారనీ అది చెబుతుంది. సక్రమంగా మీ చేతికి వచ్చిందని మాత్రం చెప్పలేదు. మీకు అసలు చిక్కు అక్కడే ఉంది.

అన్నిటికన్నా ముందు, అది నిజంగా సల్కాటాయేనా చూడండి. సల్కాటా పిల్ల చిప్ప లేత గోధుమ రంగులో ఉంటుంది, పలకల అంచులు మాత్రం ముదురు. కడుపు వైపు చారలేమీ లేకుండా లేత రంగులో ఉంటుంది. నల్లటి చిప్ప మీద ప్రతి పలక నుంచీ పసుపు చారలు కిరణాల్లా విచ్చుకుంటే, కడుపు వైపు కూడా అలాంటి చారలే ఉంటే, అది నక్షత్ర తాబేలు. మరీ చిన్న పిల్లల్లో చారలు ఇంకా విడిపోక పసుపు మీద నల్ల మచ్చల్లాగే కనిపిస్తాయి, పొరబడే అవకాశం ఉంది. సరీసృపాలను చూసే పశువైద్యుడికి చూపించి, జాతి పేరు ఆయన లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

నక్షత్ర తాబేలని తేలితే మిగతా చర్చ అనవసరం. మన దగ్గరి పొదల అడవుల్లో సహజంగా బతికే జీవి అది. 2022 సవరణ తర్వాత, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూల్లో ఉంది. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు లేదు. 57వ సెక్షన్ ప్రకారం జంతువు మీ అధీనంలో ఉందని తేలితే చాలు, అది అక్రమమేనని కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది మీరే. ఇలాంటి ప్రాణి చేతికొచ్చిన 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో తెలపాలని 39వ సెక్షన్ అంటుంది. ఆ గడువు దాటింది కాబట్టి న్యాయవాదిని వెంటబెట్టుకుని, లిఖితపూర్వక లేఖతో అటవీ రేంజి అధికారికి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పగించారు కాబట్టి కేసు ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ వాళ్లొచ్చి పట్టుకోవడానికీ, మీరే వెళ్లి ఇవ్వడానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది. భయపడి గుడి కోనేట్లోనో చెరువులోనో మాత్రం వదలొద్దు. అది నేల తాబేలు, ఈదలేక మునిగిపోతుంది. (పూజగదిలోని ఇత్తడి తాబేలుకు ఏ షెడ్యూలూ లేదు, నిశ్చింతగా ఉంచుకోండి.)

సల్కాటాయే అనుకుందాం. ఇది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలోని జాతి, అందువల్ల మన చట్టంలో నాలుగో షెడ్యూల్ కిందికి వస్తుంది. ‘లైసెన్సు అక్కర్లేదు’ అనే మాట సగమే నిజం. పెంచుకోవడం నిషేధం కాదు, 49ఎం సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ మాత్రం ఉండాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలు అప్పటికే పెంచుతున్నవారికి ఆరు నెలలు, తర్వాత కొన్నవారికి చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజులు గడువిచ్చాయి. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్లో, మీ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి. మీ గడువు నాలుగు నెలల కిందే దాటింది. ఇంకా ఆగకుండా, ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాసి ఇప్పుడే దరఖాస్తు చేయండి. పాత తేదీతో కొత్త బిల్లు రాయించుకునే ఆలోచన వద్దు. ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకోవచ్చు, దొంగ బిల్లుకు వేరే కేసు అవుతుంది.

ఆ 49ఎం సెక్షన్‌లోనే ఇంకో మెలిక ఉంది. జంతువు చట్టాన్ని ఉల్లంఘించి వచ్చింది కాదని అధికారికి నమ్మకం కలిగితేనే రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం ఇస్తారు. కాబట్టి చేతిచీటీ చాలదు. అమ్మిన వ్యక్తికి స్పీడ్ పోస్టులో లేఖ రాసి మూడు అడగండి: జాతి శాస్త్రీయ నామంతో బిల్లు, పిల్ల తల్లిదండ్రుల రిజిస్ట్రేషన్ వివరం లేదా దిగుమతి పత్రాల నకలు, మీ పేరుకు బదిలీ అయినట్టు నమోదు. మీరు ఫోన్‌పే చేసి ఉంటే ఆ రసీదు, వాట్సాప్ సంభాషణ భద్రపరచండి. అతను జవాబివ్వకపోయినా, మీరు అడిగినట్టు పోస్టల్ రసీదు ఉండడం మీకు మేలు.

ఇక నోటుబుక్కు. తాబేలు పిల్లకు మైక్రోచిప్ వేసేంత ఒళ్లు ఉండదు కాబట్టి ఆనవాలు ఫోటోలే. కడుపు వైపు పలకలు కలిసే గీతలు, పై చిప్ప పలకల ఆకారం, రెంటినీ నెలకోసారి నిటారుగా పైనుంచి, పక్కన స్కేలు పెట్టి తీయండి. పెరిగేకొద్దీ రంగు మారినా గీతల అమరికను పాత ఫోటోలతో పోల్చుకోవచ్చు. ఒరిజినల్ ఫైళ్లు ఫోన్లోంచి తుడిచేయకండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో తీసిన తేదీ వివరం పోతుంది. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాల్సి వస్తుంది, దానికి అసలు ఫైలు ఉంటేనే మంచిది.

బరువు వారానికోసారి, ఒక గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ త్రాసు మీద, నీళ్లలో నానబెట్టకముందు, మేత పెట్టకముందు చూడండి. నానబెట్టినప్పుడు అది నీళ్లు తాగుతుంది కాబట్టి తర్వాత తూస్తే పెరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది. పొడవు నెలకోసారి చాలు. టైలరు టేపు చిప్ప మీదుగా వేస్తే వచ్చేది వంపు కొలత. మెడ దగ్గరి అంచు నుంచి తోక మీది అంచు దాకా వెర్నియర్ కాలిపర్‌తో తిన్నగా కొలిచి మిల్లీమీటర్లలో రాయండి. అంకె తప్పితే దిద్దకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టండి. దిద్దుళ్లున్న పుస్తకాన్ని ఎదుటి లాయరు వదలడు. రెండు నెలలకోసారి పశువైద్యుడి దగ్గర తూయించి రసీదు అంటించండి. మీరు రాసుకున్న అంకెలకు బయటివాళ్ల సాక్ష్యం అదొక్కటే. చిప్ప మీది వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పే అమ్మకందారు మాట రాసుకోకండి. మేతను బట్టి ఏడాదిలో ఒకటికి మించి వలయాలు పడతాయి.

మీ అంకెలు చూస్తే పొడవు ఒకటిన్నర రెట్లు, బరువు మూడు రెట్లు దాటింది. రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. బరువు పెరుగుతూ చిప్ప మెత్తబడుతుంటే కాల్షియం, ఎండ చాలట్లేదని. బరువు వరసగా రెండు వారాలు తగ్గినా, పదో వంతు పడిపోయినా డాక్టరు దగ్గరికి. పలకలు గుట్టల్లా లేస్తుంటే గది పొడిగా ఉందని అర్థం. ఏసీ గదుల్లో పెరిగే పిల్లల్లో ఇది మామూలు. రోజూ పావుగంట, గడ్డం తడిసేంత గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. పొద్దున ఎండ అద్దంలోంచి కాకుండా నేరుగా తగలాలి, పక్కనే నీడా ఉండాలి. మేత ముప్పావు వంతుకు మించి గరిక, ఎండుగడ్డి. దానికి తోడు ముళ్లు తీసిన నాగజెముడు, మందార ఆకులు. పాలకూర మానండి, దానిలోని ఆగ్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని కట్టేస్తుంది. అన్నం, పాలు, అరటిపండు అసలు వద్దు.

ఇదంతా న్యాయ సలహాలో ఎందుకంటే, జంతు హింస నిరోధక చట్టం 1960లోని 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి చాలని డబ్బాలో పెట్టడం, సరైన మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, నవ్వొచ్చే మొత్తం. కానీ తనిఖీకొచ్చిన అధికారి నివేదికలో ‘జంతువు అనారోగ్యంగా ఉంది’ అన్న వాక్యం మీ రిజిస్ట్రేషన్‌కు ఆ 50 రూపాయల కన్నా చాలా ఖరీదు.

కాగితాలన్నీ కుదిరినా ఒకటి ఆలోచించండి. సల్కాటా మగది 45 కిలోలు దాటగలదు, యాభై ఏళ్లకు పైగా బతుకుతుంది. ఫ్లాట్‌లో చాలదని రేపు ఇంకొకరికి ఇచ్చినా ఆ బదిలీ నమోదు కావాలి. అబ్బాయి అమెరికా వెళ్తూ వెంట తీసుకెళ్లాలన్నా సైటిస్ ఎగుమతి అనుమతి లేకుండా విమానం ఎక్కించలేరు. చనిపోతే పెరట్లో పూడ్చి ఊరుకోకుండా పశువైద్యుడి చేత రాయించుకుని, అదే రిజిస్ట్రేషన్‌లో నమోదు చేయించండి.