అమెరికాలో స్కూల్ టీచర్ క్లాసులో తన రాజకీయ అభిప్రాయం చెప్పొచ్చా?

ప్రభుత్వ స్కూల్లో అయితే, చెప్పే హక్కు దాదాపు లేదనే అనుకోవాలి. సివిక్స్‌లో ఏం చెప్పాలో రాష్ట్రమూ స్థానిక స్కూల్ బోర్డూ నిర్ణయిస్తాయి. పాఠం చెప్పడం టీచర్ ఉద్యోగంలో భాగం. అందుకే అక్కడ మాట్లాడే మాట ఆయన సొంత మాటగా కాక, స్కూల్ జీతమిచ్చి చెప్పిస్తున్న మాటగానే చాలా కోర్టులు చూస్తాయి.

ఇండియానా రాష్ట్రంలో జరిగిన కేసే చూడండి. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు, వర్తమాన విషయాల పాఠంలో ఒక పిల్లవాడు టీచర్‌ను 'మీరు ప్రదర్శనలకు వెళ్తారా?' అని అడిగాడు. 'శాంతి కోసం హారన్ కొట్టండి' అన్న బోర్డు పట్టుకున్నవాళ్లను చూసి కారు హారన్ కొట్టానని ఆమె చెప్పింది. తర్వాత స్కూల్ ఆమె కాంట్రాక్టును పొడిగించలేదు. దానికి కారణం ఆ మాటేననుకున్నా సరే, రాజ్యాంగ రక్షణ వర్తించదని 2007లో అప్పీల్ కోర్టు తేల్చింది. అంత చిన్న జవాబుకు అంత పెద్ద శిక్ష నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ చట్టం అలా ఉంది.

వాక్ స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ ఉంది కాబట్టి టీచర్ ఎక్కడైనా ఏదైనా అనొచ్చని చాలామంది పొరబడతారు. బడి బయట, ప్రజా విషయాలపై పౌరుడిగా పత్రికకు ఉత్తరం రాస్తే సాధారణంగా రక్షణ ఉంటుంది. 1968లో పికరింగ్ అనే టీచర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అలాంటి ఉత్తరం గురించే.